మిగిలిన విస్తరి

కొత్తగా టూర్ల పనిలో చేరినవాళ్ళు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ఎన్ని రాష్ట్రాలు తిరిగారు, తాజ్‌మహల్ ఎన్నిసార్లు చూశారు, ఏ ఊళ్ళో బస బాగుంటుంది అని అడుగుతారు. వాటికి జవాబులు ఇప్పుడు ఫోనులోనే దొరుకుతాయి. ఇరవై ఆరేళ్ళు నేను మనుషుల్ని బస్సెక్కించి దేశం చూపించాను. ఆ పనిలో చూపించడం చిన్న భాగం. ఎంతమందిని ఎక్కించుకున్నామో అంతమందినీ తిరిగి తీసుకొచ్చి దించడం అసలు పని. ఒకసారి నేను ఆ పని చెయ్యలేకపోయాను. చెయ్యలేకపోయానని రాయడం కూడా సరికాదు. చెయ్యలేదు.

ఈ వేసవిలో మా వంటమనిషి పుల్లయ్య పోయాడు. ఆ రోజు ఉదయం తొమ్మిది గంటలకు జరిగింది మా ఇద్దరికే తెలుసని ఇన్నేళ్ళూ అనుకున్నాను. నా భార్య పోయి నాలుగేళ్ళయింది. ఆవిడకి కూడా చెప్పలేదు. పుల్లయ్య కర్మకు వెళ్ళి వచ్చిన మర్నాడు కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను.

తోటలు ఖాళీ అయ్యాక

మా వైపు యాత్రలకు మామిడి కాపే ముహూర్తం పెట్టేది. జూన్ మూడో వారానికి నూజివీడు, రెడ్డిగూడెం, మైలవరం తోటల్లో కోత అయిపోయేది. లారీలు వెళ్ళిపోయేవి. మళ్ళీ తోటలో పని మొదలయ్యేలోపు రైతులకు నెలా పది రోజులు తీరిక. ఎనభైల్లో ప్రతి ఏడాదీ ఆ తీరికలోనే మా బస్సు హనుమాన్ జంక్షన్‌లో బయలుదేరేది. ముప్ఫై నాలుగు రోజులు. పూరీ, కోణార్క్, గయ, కాశీ, ప్రయాగ, అయోధ్య, నైమిశారణ్యం, హరిద్వారం, ఢిల్లీ, ఆగ్రా, మథుర, జైపూర్, ఉజ్జయిని, మళ్ళీ ఇల్లు. నలభై మంది ప్రయాణికులు, ఇద్దరు డ్రైవర్లు, పుల్లయ్య, అతని తమ్ముడు, నేను. బియ్యం, పప్పు, ఊరగాయ జాడీలు, విస్తరాకుల కట్టలు అన్నీ బస్సు మీదే.

బస్సు యజమాని రాఘవయ్య గారు. లారీ డ్రైవరుగా మొదలుపెట్టి సొంత బస్సు కొనుక్కున్న మనిషి. నేను చేరిన రోజున యాత్ర కరపత్రం చేతికిచ్చి, "ఇందులో అచ్చయిన ఊళ్ళన్నీ చూపించు. అచ్చు కాని చోట బస్సు ఆగకూడదు. ఒక్క రోజు తప్పామంటే వచ్చే ఏడాది జనం ఇంకో బస్సు ఎక్కుతారు" అన్నారు. చెడ్డ మనిషి కాదు. ఆయన చెప్పింది వ్యాపారానికి మంచి సలహా. నేను దాన్ని మనుషుల సంగతిలో కూడా సలహాగా తీసుకున్నాను.

మొదటి రోజు విజయవాడ దాటకముందే బస్సులో నిలబడి నేను ఒక మాట చెప్పేవాణ్ణి. "ఎక్కడన్నా తప్పిపోతే కంగారు పడొద్దు. మనం బస్సు దిగిన చోటికే వచ్చి కూర్చోండి. అక్కణ్ణించి కదలొద్దు. ఎవరు పిలిచినా వెళ్ళొద్దు. మేమే వస్తాం." హిందీ రాని పల్లెటూరి మనుషులకు అంతకన్నా మంచి ఉపాయం లేదు. ఇప్పటికీ అదే చెప్తాను. కానీ ఆ మాటలో సగం భారం చెప్పేవాడిది.

లెక్క పెట్టే పద్ధతి కూడా చెప్పాలి. నలభై మందినీ ఒక్కొక్కరిగా లెక్కపెడితే పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకునేవారు. "మేమేమన్నా గొర్రెలమా మేనేజరు గారూ?" అని ఒకాయన మొహం మీదే అన్నాడు. అందుకని ఇంటి పెద్దల పేర్లు పిలిచేవాణ్ణి. "మా ఆరుగురం వచ్చాం", "మా నలుగురం ఉన్నాం" అని వాళ్ళు జవాబు చెప్పేవారు. పన్నెండు ఇళ్ళు పలికితే బస్సు కదిలేది. ఒంటరిగా వచ్చినవాళ్ళను వాళ్ళ ఊరివాళ్ళ ఇంటి లెక్కలో కలిపేవాణ్ణి. ఎప్పుడూ వెనక సీట్లే వచ్చాయని ఎవరూ తగువు పెట్టుకోకుండా సీట్లు రోజూ రెండు వరసలు జరిపేవాళ్ళం. ఈ రెండు పద్ధతులూ మర్యాద కోసం పుట్టినవే. రెండూ కలిస్తే ఏమవుతుందో నేను ఆలోచించలేదు.

చూపించడం గురించి

కోణార్క్ గురించి, కుతుబ్ మీనార్ గురించి నేను లైబ్రరీలో చదివి, కాగితాల మీద రాసుకుని చెప్పేవాణ్ణి. పావుగంట దాటితే ఎవరూ వినరు. వినరని కోపం తెచ్చుకోకండి. రథచక్రం ముందు నిలబడి ఒక రైతు, ఈ రాయి ఏ కొండ నుంచి తెచ్చారు, ఎన్ని జతల ఎద్దులు పట్టి ఉంటాయి అని అడిగాడు. నా కాగితాల్లో అది లేదు. అతను అడిగింది నేను చెప్పినదానికన్నా మంచి ప్రశ్న.

తాజ్‌మహల్ దగ్గర ఒకావిడ అంతా చూసి బయటికి వచ్చి, "ఇంతకీ ఇందులో ఎవరుంటారండీ?" అంది.

"ఎవరూ ఉండరండి. సమాధి అది."

"సమాధా? ముందే చెప్పొద్దా అండీ. ఇప్పుడు అందరం తలస్నానాలు చెయ్యాలి."

ఆ రోజు ఆగ్రాలో నలభై మంది తలస్నానానికి నీళ్ళు వెతకడంతో నాకు మధ్యాహ్నం గడిచిపోయింది. తర్వాత ప్రతి ఏడాదీ ఆగ్రా కార్యక్రమంలో స్నానాలకు గంట కలిపాను. మనుషులు చూడటానికి వచ్చింది ఏమిటో వాళ్ళనే అడిగి తెలుసుకోవాలి. ఇది అందరి విషయంలోనూ నేర్చుకున్నాను, ఒక్క మనిషి విషయంలో తప్ప.

కోటమ్మ గారు

ఆవిడది రెడ్డిగూడెం. వయసు యాభైకి రెండేళ్ళు తక్కువ. భర్త పోయాక ఒక నర్సరీలో మామిడి అంట్లు కట్టేవారు. ఆవిడ కట్టిన అంటు ఎండదని పేరు. మాట తక్కువ. అదే ఊరి రైతు శేషగిరిరావు గారూ, ఆయన భార్యా, చెల్లెలూ వస్తుంటే వాళ్ళతో కలిసి వచ్చారు. శేషగిరిరావు గారి ఇంటి లెక్క నలుగురు. మూడు సీట్లు ఒక వరసలో ఉంటే కోటమ్మ గారిది ఎప్పుడూ వేరే వరసలో పడేది.

కూతురు నాగమణి మైలవరంలో కాపురం. తల్లిని ఎక్కించడానికి హనుమాన్ జంక్షన్ దాకా వచ్చింది. బస్సు కదిలేముందు నా దగ్గరికి వచ్చి, "మా అమ్మ నోరు తెరిచి ఏదీ అడగదండీ. మీరే కాస్త చూస్తుండాలి" అంది.

"మాది బాధ్యత తల్లీ" అన్నాను. ఆ మాట అందరికీ అంటాను.

కాశీలో మనవాళ్ళు ఇష్టమైన కాయా పండూ వదిలిపెట్టడం మామూలే. మా నూజివీడు వాళ్ళు ఆ రోజు చాలా జాగ్రత్తగా ఉండేవారు. ఎవరూ మామిడిపండు పేరు ఎత్తరు. వాక్కాయ, వెలగపండు, అడవి కాకర ఇలాంటివి గంగలో వదిలి గట్టెక్కేవారు. ఆ ఏడాది శేషగిరిరావు గారి భార్య పరాచికానికి, "కోటమ్మా, నువ్వయినా మామిడి వదలవే. మా అందరి పరువూ నిలబెట్టు" అంది.

"వదిలితే రుచి చూడకుండా అంట్లు ఎట్టా కట్టేదమ్మా? నేను ద్రాక్ష వదిలాను."

"ద్రాక్ష ఎప్పుడు తిన్నావు నువ్వు?"

"తినలేదు గనకే తేలిగ్గా వదిలాను."

ఘాట్ మెట్ల మీద అందరూ నవ్వారు. ప్రయాణం మొత్తంలో ఆవిడ గొంతు నేను బాగా విన్నది అప్పుడే.

లక్నో దాటి నైమిశారణ్యం వెళ్ళేదారిలో రోడ్డుకి రెండు పక్కలా మామిడి తోటలు వస్తాయి. మన దగ్గర కాపు అయిపోయి నెల కావస్తున్నా అక్కడ దశేరీ కాయ ఇంకా చెట్టు మీదే ఉంది. బస్సంతా కిటికీల వైపు ఒరిగింది. కోటమ్మ గారు సీటు పట్టుకుంటూ ముందుకి వచ్చారు.

"ఒక్క పది నిమిషాలు ఆపుతారా అండీ? ఒక చెట్టు దగ్గరగా చూస్తాను. ఆకు వేరుగా ఉంది."

కరపత్రంలో ఆ తోటలు లేవు. నేను చేతి గడియారం చూసుకుని, "తిరిగొచ్చేటప్పుడు చూద్దాం లెండి" అన్నాను. మేము ఆ దారిన తిరిగిరాము. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకి తెలియదు. "సరేనండి" అని వెళ్ళి కూర్చున్నారు. తోటలు అయిపోయేదాకా కిటికీ దగ్గర నుంచి మొహం తిప్పలేదు. దేశమంతా తిప్పుతానని తీసుకెళ్ళిన మనిషి నన్ను అడిగిన చోటు అదొక్కటే.

తొలి ఏకాదశి

హరిద్వారంలో తొలి ఏకాదశి స్నానం చేయించాలని ఆ ఏడాది కార్యక్రమం అలాగే కూర్చాను. తెల్లవారుజామున స్నానాలు, ఆరింటికి బస్సు, తొమ్మిదికి దారిలో టిఫిను, మధ్యాహ్నానికి ఢిల్లీ.

జనం బాగా ఉన్నారు. ఆరుకి ఇళ్ళ పేర్లు పిలిచాను. శేషగిరిరావు గారు కిటికీలోంచి, "మా వాళ్ళంతా వచ్చారండి, పోనివ్వండి" అన్నారు. ఆయన కళ్ళముందు భార్యా, చెల్లెలూ ఉన్నారు. కోటమ్మ గారి సీటు ఆ రోజు చివరి వరసకి జరిగింది. వెనక ఉందనుకున్నారు. ఆయనది తప్పని నేను ఎప్పుడూ అనలేదు. లెక్క నాది. ఆయన్ని నమ్మి తలుపు వేసింది నేను.

తొమ్మిదికి ముజఫర్‌నగర్ ఇవతల ఒక బోరు దగ్గర ఆగాం. పుల్లయ్య ఉప్మా వడ్డించాడు. విస్తళ్ళు ఊరి నుంచి తెచ్చుకున్నవి గనక ముప్ఫై నాలుగు రోజులకూ సరిపోవాలని అతను ఏ పూటకు ఆ పూట సరిగ్గా తీసేవాడు. అందరూ తిన్నాక నా దగ్గరికి వచ్చాడు.

"మేనేజరు గారూ, ఒక విస్తరి మిగిలిందండి."

"ఏకాదశి కదయ్యా. ఇంకెవరో ఉపవాసం ఉండుంటారు."

"ఉపవాసాలోళ్ళని నిన్ననే అడిగి పెట్టుకున్నానండి. తొమ్మిది మంది. ముప్ఫై ఒక్కటి తీశాను. కోటమ్మ గారు రాలేదు."

"ఆవిడా ఉపవాసమేనేమో."

"కాదండి. 'కష్టం చేసే ఒళ్ళు నాయనా, నాకు ఉపవాసాలు పడవు. ఒక గరిటె ఎక్కువే వెయ్యి' అని నిన్న నాతో అన్నారు."

"అందర్నీ చూసి మనసు మార్చుకునుంటుంది. వెనక పడుకునుంటుంది."

"ఒకసారి ఎక్కి చూసి రానా అండీ?"

"నువ్వు గిన్నెలు సర్దు. ఇప్పటికే ఇరవై నిమిషాలు ఆలస్యం."

బస్సు పది అడుగుల దూరంలో ఉంది. ఉపవాసం వాళ్ళు కొందరు లోపల తలల మీద కొంగులు కప్పుకుని పడుకున్నారు. మామూలు రోజయితే ఒక విస్తరి మిగిలితే నేను తప్పకుండా ఆరా తీసేవాణ్ణి. ఏకాదశి నాకు ఒక వివరణ ఇచ్చింది. వివరణ దొరికితే మనిషి వెతకడం మానేస్తాడు. నేను డ్రైవరు పక్కన నా సీట్లో కూర్చున్నాను. బస్సు కదిలింది.

అప్పుడు వెనక్కి తిరిగి ఉంటే ఒంటిగంటకల్లా హరిద్వారం చేరేవాళ్ళం.

ట్రంకు కాల్

ఢిల్లీలో బసకు చేరి రెండు గంటలకు భోజనాలకు కూర్చున్నాం. పుల్లయ్య ఈసారి నాతో ఏమీ అనలేదు. మిగిలిన విస్తరి తెచ్చి నా విస్తరి పక్కన వేసి, నీళ్ళు చల్లి నిలబడ్డాడు.

లేచి బస్సెక్కి చూశాను. చివరి వరసలో ఆవిడ చీరల సంచీ, మడిచిన దుప్పటీ ఉన్నాయి. శేషగిరిరావు గారు బస్సు గుమ్మంలో నిలబడిపోయారు. "వెనక ఉందనుకున్నామండీ. సీట్లు మారతాయి గదా. మేం వెనక ఉందనే అనుకున్నాం" అని మూడుసార్లు అన్నారు. ఆయన భార్య ఏడుపు మొదలుపెట్టింది.

అప్పుడయినా నేను వెంటనే బయలుదేరాల్సింది. రాఘవయ్య గారిని అడగకుండా బస్సు వదిలి వెళ్ళడం ఎలాగని ట్రంకు కాల్ బుక్ చేశాను. లైను కలవడానికి రెండు గంటలు పట్టింది. ఆయన అంతా విన్నారు. తర్వాత, "నువ్వు వెళ్ళు. బస్సు మాత్రం ఆపొద్దు. డ్రైవర్లకి దారి తెలుసు, రేపు ఢిల్లీ చూపించి ఎల్లుండి ఆగ్రా పొమ్మను" అన్నారు. ఆ జవాబు నాకు ముందే తెలుసు. తెలిసిన జవాబు కోసం రెండు గంటలు కూర్చున్నాను.

సర్వీసు బస్సులో వెళ్ళేసరికి బాగా పొద్దుపోయింది. మేము దిగిన చోట ఎవరూ లేరు. తెల్లవారి అక్కడ టీ కొట్టు తీసినతన్ని నాకు వచ్చిన హిందీలో అడిగాను. ఒక మదరాసీ ఆడమనిషి నిన్న పొద్దుటి నుంచి బస్సులు ఆగే చోటి బోర్డు కింద కూర్చుందని చెప్పాడు. వాన లేదు, ఉక్కపోత, పదింటి నుంచి నీడ లేదు. ఇటు నీడలోకి రమ్మని సైగ చేస్తే తల అడ్డంగా ఊపి రోడ్డు వైపు చూపించిందట. టీ ఇచ్చినా, నీళ్ళు ఇచ్చినా చేతులు జోడించిందట గానీ తీసుకోలేదట. రెండు దాటాక పక్కకి ఒరిగిపోయింది. అతనూ, ఇంకో ఇద్దరూ కలిసి రిక్షాలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

మధ్యాహ్నం రెండంటే నేను విస్తరి ముందు కూర్చున్న సమయం.

ఆసుపత్రిలో ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. పేరు పెట్టి పిలిస్తే తెరిచారు. గుర్తుపట్టారు.

"వచ్చారా అండీ."

"వచ్చానమ్మా."

"నేను కదల్లేదండీ. మీరు చెప్పినట్టే అక్కడే కూర్చున్నాను."

అంతే మాట్లాడారు. ఆ మధ్యాహ్నం పోయారు.

ఆవిడ చేతిసంచీ నాకు ఇచ్చారు. అందులో ఐదు దశేరీ పళ్ళు, కడిగి గుడ్డలో చుట్టిన ఒక టెంక ఉన్నాయి. స్నానం చేసి బస్సు దగ్గరికి వచ్చేదారిలో పళ్ళ బండి కనిపించి ఆగినట్టున్నారు. ఒకటి రుచి చూశారు. నేను లక్నో దగ్గర పది నిమిషాలు ఆపి ఉంటే ఆ బండి దగ్గర ఆగేవారు కాదేమో. ఏమో. ఇలాంటి లెక్కలు ఎన్నేళ్ళు వేసినా తేలవు.

అదృష్టవంతురాలు

కూతురికి తంతి ఇచ్చాను. అంత దూరం నుంచి సమయానికి ఎవరూ రాలేరు. గంగ ఒడ్డున నేనే కొరివి పెట్టాను. నాలుగో రోజు మథురలో బస్సును కలుసుకున్నాను.

ప్రయాణికులు నా చుట్టూ చేరారు. వాళ్ళంతా అన్నది ఒకటే. ఏకాదశి నాడు గంగాస్నానం చేసి, హరిద్వారంలో, ద్వాదశి నాడు పోవడం ఎవరికి దక్కుతుంది, ఎంత అదృష్టవంతురాలు అని. రాఘవయ్య గారు ఫోనులో అదే అన్నారు. ఇంటికి వచ్చాక రెడ్డిగూడెంలో కూడా అదే అన్నారు. ఓదార్చడానికే అన్నారు, నాకు తెలుసు. కానీ ఆ పుణ్యం మాట ఎంత గట్టిగా వినిపించిందంటే, ఎన్ని గంటలకు తెలిసింది, ఎందుకు తిరిగి వెళ్ళలేదు అని అడిగేవాళ్ళు లేకపోయారు. నేను ఆ మాట చాటున నిలబడ్డాను. అందుకే ఈనాటికీ చావు గురించి ఎవరైనా అందంగా మాట్లాడితే నాకు నమ్మబుద్ధి కాదు.

మథురలోనే పుల్లయ్యని పక్కకి పిలిచి, "ఎవరన్నా అడిగితే మధ్యాహ్నం భోజనాల దగ్గర తెలిసిందని చెప్పు" అన్నాను.

అతను గిన్నె తోముతున్న చెయ్యి ఆపాడు. "అట్టాగేనండి" అని మళ్ళీ తోమడం మొదలుపెట్టాడు.

నాగమణి ఒక్కతే అడిగింది. సంచీ, టెంక చుట్టిన గుడ్డ చేతికిస్తే తీసుకుని, "మీకు ఎన్నింటికి తెలిసిందండీ?" అంది.

"మధ్యాహ్నం భోజనాలప్పుడమ్మా."

"అమ్మ ఏమన్నా తిన్నదా?"

"ఒక పండు తిన్నట్టున్నారు."

ఆమె ఆ గుడ్డ పట్టుకుని లోపలికి వెళ్ళింది. అప్పుడు ఆమెకి ఇరవై రెండేళ్ళుంటాయి.

తర్వాత చేసిన పని

తర్వాత పదిహేడేళ్ళు ఆ పనిలోనే ఉన్నాను. మానెయ్యాలనుకుని మానలేదు. ఇంకో పని రాదు.

గొర్రెల్లాగా లెక్కపెట్టానని ఎవరు ఏమనుకున్నా, బస్సు కదిలే ప్రతిసారీ చివరి వరస నుంచి ముందుకి ఒక్కొక్కరి భుజం తాకుతూ లెక్కపెట్టాను. ఇంటి పెద్దల మాట తీసుకోలేదు. ఉపవాసం రోజుల్లో కూడా నలభై విస్తళ్ళూ వెయ్యమన్నాను. తిననివాళ్ళు కూడా వచ్చి ఖాళీ విస్తరి ముందు ఒక నిమిషం కూర్చుని, మడిచి లేవాలి. కొందరు విసుక్కున్నారు. "ఇదేం చాదస్తం, ఉపవాసాలోళ్ళకి ఆకు వెయ్యడం ఏంటి?" అన్నారు. కారణం చెప్పలేదు.

మీరు ఈ పనిలోకి వస్తున్నారు గనక ఒకటి చెప్తాను. వంటవాడు, క్లీనరు, బసలో ఊడ్చే మనిషి, వీళ్ళు వచ్చి ఏదో తేడాగా ఉందంటే మీ దగ్గర ఎంత మంచి వివరణ ఉన్నా లేచి వెళ్ళి చూడండి. కార్యక్రమం పాడయితే మర్నాడు సర్దుకోవచ్చు. అక్కడే కూర్చోమని ఒకరితో చెప్పారంటే ఆ మనిషి నిజంగానే కూర్చుంటుంది. ఆ సంగతి మీరు మర్చిపోయినా వాళ్ళు మర్చిపోరు.

మైలవరం

పుల్లయ్య కర్మ అయిన వారానికి మైలవరం వెళ్ళాను. నాగమణికి ఇప్పుడు సొంత నర్సరీ ఉంది. అరవై దాటాయి. షెడ్డు కింద పీట మీద కూర్చుని అంటు కడుతోంది. నన్ను చూసి లేవలేదు. కుర్చీ చూపించింది.

ఆ టెంక ఏమయిందని అడిగాను.

"పాతానండి. మొలవలేదు."

కాసేపయ్యాక, నేను అప్పట్లో ఆమెకి అబద్ధం చెప్పానని, తొమ్మిదింటికే పుల్లయ్య నాకు చెప్పాడని, నేను చూడలేదని చెప్పాను. ఇంట్లో నాలుగు రోజులు కాగితం మీద రాసుకున్న మాటలు. చెప్పేటప్పుడు మూడు వాక్యాల్లో అయిపోయాయి.

ఆమె దారం బిగించి ముడి వేసింది. "తెలుసండి. పుల్లయ్య గారు ఆ ఏడే శ్రావణంలో వచ్చి చెప్పి వెళ్ళారు. ఏడ్చాడు పాపం."

నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను.

"మరి మీరు నన్ను ఎప్పుడూ..."

"మీరే వస్తారని చూశానండి. ఒక ఏడాది చూశాను, రెండేళ్ళు చూశాను. తర్వాత నా పనిలో నేను పడ్డాను." కొత్త మొక్కా, కత్తీ చేతిలోకి తీసుకుంది. "ఒకటి మాత్రం ఆయన్ని అడిగితే చెప్పలేదు. మిమ్మల్నే అడగమన్నాడు. ఆ మిగిలిన విస్తరిలో ఉప్మా ఎవరు తిన్నారండీ?"

ముజఫర్‌నగర్ ఇవతల బోరు దగ్గర జరిగింది పైన రాసినప్పుడు ఒక ముక్క వదిలేశాను. గిన్నెలు సర్దమన్నాక పుల్లయ్య, ఇది ఏం చెయ్యమంటారండీ అని చేతిలో ఉప్మా పెట్టిన విస్తరితో నిలబడ్డాడు. పారెయ్యడం ఎందుకు, ఇటు పెట్టు అన్నాను.

"నేనే తిన్నానమ్మా" అని చెప్పాను.

ఆమె చేతిలోని కత్తి కింద పెట్టింది.

"బాగుందా?"

బాగుందనే చెప్పాను. ఇంకో అబద్ధం చెప్పడానికి అంత దూరం వెళ్ళలేదు.